కింద వాళ్ళ వంతు

ఈ రోజు పొద్దున మా పక్కింటాయన ఇంటికప్పు కోసమని ఒక పెద్ద ఇనుప పలకను ఎద్దుల బండి మీద వేసుకొచ్చాడు. దించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. తీరా చూస్తే దాని మీద నీటి మట్టం కోసం నేను గీసిన ఎర్ర రంగు గీతలు! ఇరవై రెండేళ్ళు నేను ఎత్తి దించిన తూము పలక అది. దించే పని వదిలేసి బండి పక్కన నేల మీద కూర్చున్నాను. ఎండదెబ్బ అనుకొని పాపం వాళ్ళు మజ్జిగ ఇచ్చారు.

నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు గాని, అప్పట్లో ఆదోనికి తాగే నీళ్ళు తుంగభద్ర కాలువ నుంచే వచ్చేవి. ఊరికి దూరంగా, కాలువ చీలే చోట, తూము కాపలా ఉండే లస్కరును నేను. తూము ఎత్తితే నీళ్ళు దారిలో పొలాలను తడుపుకుంటూ ఆదోని ట్యాంకుకు పోతాయి, దించితే ఎమ్మిగనూరు వైపు కిందికి పోతాయి. ఎవరికి ఎన్ని రోజులో ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చేది, దాన్నే వంతు అనేవాళ్ళం. ఒకసారి పత్తి ఎండిపోతోందని ఒక ముసలి రైతు కాళ్ళు పట్టుకొని ఏడిస్తే మనసాగక ఆర్డరు లేకుండా ఎత్తాను. మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ మూడు నెలలూ మా ఇంటామె మిరపకాయల కోతకు పోయి, భగభగ మండే చేతులతోనే జొన్నరొట్టెలు చేసి పెట్టి, ఇక ఆర్డరు లేనిదే తూము ముట్టనని తన తల మీద నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ తర్వాత వచ్చింది ఆ పాడు కాలం. ముందు కరెంటు పోయింది, వెనకే ఫోన్లు, ఆ వెనక లారీలు, చివరికి ఇవన్నీ ఎందుకు పోయాయో చెప్పే మనుషులూ పోయారు. మార్కెట్ యార్డులో పత్తి గుట్టలుగా పడి ఉండేది, ఏం చేసుకుంటాం, తింటామా? జ్వరాలకు సగం వీధులు ఖాళీ అయ్యాయి. బావులు ఎండిపోతే, మిగిలినవాళ్ళం ట్యాంకు అడుగున ఉన్న పాచినీళ్ళ మీద బతికాం. అంత జరిగినా నేను మాత్రం ఖాకీ చొక్కా తొడుక్కొని కాలువ మీదికి పోతూనే ఉన్నాను. జీతమిచ్చేవాడు లేడు, అడిగేవాడు లేడు, అయినా అక్కడ కూర్చుంటే లోకం ఇంకా సరిగ్గానే ఉన్నట్టు అనిపించేది.

అలాంటిది ఒకరోజు పొద్దున కాలువలో నీళ్ళు వచ్చాయి. పైన డ్యాం దగ్గర గేటు ఎవరు ఎత్తారో, దానంతటదే తెగిందో ఇప్పటికీ తెలియదు. రొమ్ము లోతు నీళ్ళు! సంతోషంతో ఏడ్చాను. ఏడ్చి, నా పాడు బుద్ధి, ఆర్డర్లు రాసుకునే పుస్తకం తెరిచి చూశాను. ఆఖరి ఆర్డరు ప్రకారం అది కింద వాళ్ళ వంతు. తూము ఎత్తలేదు.

రెండో రోజు మా ఇంటామె కొంగులో అర రొట్టె కట్టుకొని ఆదోని నుంచి నడిచి వచ్చింది.

"ఏమయ్యా, ఇన్ని నీళ్ళు పోతాంటే సూస్తా కూసున్నావా? ఊర్లో బురద పిండుకొని తాగుతాండారు. ఎత్తు!"

ఆర్డరు రాలేదన్నాను.

"ఇచ్చేటోళ్ళు యాడుండారు? ఒట్టేయించుకునింది నేనే గదా, నేనే తీసేస్తాండాను. ఎత్తయ్యా!"

రేపో మాపో ఎవరో ఒకరు జీపులో వస్తారులే అన్నాను. ఆమె తానే చక్రం పట్టుకుంది గాని దానికి తాళం, తాళంచెవి నా మొలతాడుకు. ఎమ్మిగనూరు వాళ్ళకు మాత్రం పిల్లల్లేరా అని కసిరాను కూడా. నిజం చెబుతాను, అది న్యాయం కాదు, భయం. ఆర్డరు లేకుండా ఎత్తితే ఇక ఆఫీసు లేదని, ఆ రోజులు మళ్ళీ రావని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. అది నా వల్ల కాలేదు. ఆమె నా ముఖం వంక ఒకసారి చూసి, రొట్టె పక్కన పెట్టి, కడవెడు నీళ్ళు ముంచుకొని వెళ్ళిపోయింది. ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. చెబితే నన్ను ఆ కాలువలోనే తొక్కేసేవాళ్ళని ఆమెకు తెలుసు.

నాలుగో రోజుకు నీళ్ళు తూము మట్టం కిందికి దిగాయి. అప్పుడు ఎత్తాను. పిచ్చివాడిలా తాళం తీసి, అరచేతులు బొబ్బలెక్కేలా చక్రం తిప్పి ఎత్తాను. ఇంత తడి బురద జారి ఆగిపోయింది. కింద కూడా తూములు ఎత్తే దిక్కు లేక ఆ నీళ్ళన్నీ గట్టు తెంచుకొని వంకలో పడి పోయాయని తర్వాత తెలిసింది. అవి ఎవరి వంతుకూ రాలేదు.

ఆ ఎండాకాలం ఊరంతా వాంతులు, భేదులు. మా ఇంటామె నాలుగు రోజులు మంచాన పడింది. నన్ను ఒక్క మాట అనలేదు మహాతల్లి, అన్నా బాగుండేది. మైకంలో మాత్రం, కొళాయిల కాలంలో ఆదోనిలో ఇంటింటా అడిగినట్టే, "నీళ్ళొచ్చినాయా?" అని అడిగేది. వచ్చాయని అబద్ధం చెప్పేవాణ్ణి. బిందెలన్నీ పట్టి పెట్టమనేది. ఐదో రోజు అడగలేదు.

ఇప్పుడు కాలువకు ఎప్పుడు నాలుగు చుక్కల నీళ్ళొచ్చినా, ఎవరినీ అడగకుండా ఎవరికి వాళ్ళు గండి కొట్టుకొని తీసుకుంటున్నారు. మంచిదే, బతకాలంటే అంతే. మా రోజుల్లో అలాంటివాడు ఒక్కడే ఉండేవాడు, కాలువ పక్క ఊరి రైతు. నేను అన్నానికి కూర్చుంటే చాలు, గడ్డపారతో తాళం విరగ్గొట్టి తూము ఎత్తి పారిపోయేవాడు. వాణ్ణి ఎన్నిసార్లు తరిమానో, వాడి వంశాన్నంతా ఎన్ని తిట్లు తిట్టానో! నీళ్ళు రావడానికి నెల ముందు జ్వరంతో పోయాడు. ఆ మూడు రోజులూ వాడొక్కడు బతికి ఉంటే, నేను ఎప్పటిలాగే నోరు పారేసుకునేవాణ్ణి, మా ఇంటామె ఇంకా ఉండేది.