జపానులో పోయిన కాళ్లు

ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాను. నేల మీద కూర్చోవడం నాకు వచ్చని నమ్మడం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో మొదటి వరసలోది. ఆ రోజుల్లో పలాసలో ఒక జీడిపప్పు మిల్లులో గుండు పప్పునీ బద్దనీ వేరు చేయించే పని నాది. పొట్టు తీసే ఆడవాళ్ల మధ్య పొద్దస్తమానం నేల మీదే బాసింపట్టు. (కుర్చీ ఒకటి ఉండేది గానీ, దానిలో ఎప్పుడూ యజమాని తువ్వాలు కూర్చుని ఉండేది.) కాబట్టి ఈ విద్యలో ప్రపంచంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. ప్రపంచమంటే అప్పటికి నాకు టెక్కలి నుంచి పూండి దాకా.

కాశీబుగ్గలో సిమెంటు కొట్టు నడిపే మా బావకి, బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు ఇద్దరికి జపాను యాత్ర ఇచ్చారు. అక్కకి విమానమంటే భయం. "మా తమ్ముణ్ణి తీసుకెల్లండి, ఆడికీ కాస్త లోకం తెలుత్తాది" అంది. "ఈ బుడ్డోడినా?" అన్నాడు బావ. అదే నా బాధ. ఇరవయ్యారేళ్లొచ్చి, మీసం మొలిచినా నేనాయనకి బుడ్డోడినే. మిల్లుకొచ్చి అందరి ముందూ అలాగే పిలిచేవాడు. ఆ పూటంతా ఆడవాళ్లు నా మాట వినేవారు కాదు, మూతికి కొంగులడ్డం పెట్టుకునేవారు.

అక్కడ అప్పుడు వసంతం. లేత గులాబీ రంగు పూల చెట్ల కింద జనం నీలం పట్టాలు పరుచుకుని, చెప్పులు వరసగా విడిచి, డబ్బాల్లో అన్నం తింటూ ఊరికే పైకి చూస్తున్నారు. అచ్చం మనం జీడిపిక్కలు ఎండబెట్టే పట్టాలే. "కాయలెప్పుడు దిగుతాయంట?" అని బావ మాతో విశాఖ నుంచి వచ్చిన గైడుని అడిగాడు. ఇవి పూలకోసమే పెంచేవట, చూడ్డానికేనట. బావ ఆ మాటని చాలాసేపు నమిలాడు. మా ఉద్దానం తోటల్లో జీడిమామిడి పూతకొస్తే మేమూ పైకి చూస్తాం, కాకపోతే చేతిలో మందు కొట్టే పంపు ఉంటుంది. ఆ పూతకి ఎంత మంచి వాసనో అంతదూరం వెళ్లాక గుర్తొచ్చింది.

మర్నాడు టీ ఇచ్చే ఇంటికి తీసుకెళ్లారు. చాపలు పరిచిన గది. మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవాలి, చేతకానివాళ్లకి చిన్న పీట ఇస్తారు. బావ పీటని ముందే లాక్కున్నాడు.

"నువ్వూ ఒకటి అట్టుకోరా బుడ్డోడా. కాళ్లు పోతాయి."

"నాకలవాటే బావా. కదలకుండా టీ తాగేస్తే ఏటిస్తావు?"

"తాగితే ఇంక పేరెట్టే పిలుత్తాను, మిల్లు కాడికొచ్చినా సరే. కదిల్తే మట్టుకు సచ్చేదాకా బుడ్డోడివే."

ఇంతకన్నా ఏం కావాలి నాకు? పెద్దావిడొకరు వచ్చి వంగి దణ్ణం పెట్టి పని మొదలుపెట్టారు. శుభ్రంగా ఉన్న వెదురు చెంచాని పట్టుగుడ్డతో తుడిచారు. మళ్లీ తుడిచారు. ఎందుకని గైడుని గుసగుసగా అడిగితే, అది చెంచా కోసం కాదు, మనసు కుదురుకోడానికన్నాడు. ఆ చేతుల్ని చూస్తూ నేను కాళ్ల సంగతే మరిచిపోయాను. కాళ్లు నన్ను మరవలేదు. మొదట చీమలు పాకాయి, తర్వాత సూదులు దిగాయి, ఆపైన అటునుంచి ఏ కబురూ లేదు. అయినా కదల్లేదు. పచ్చటి చేదు టీని, అడుగున నురుగుతో సహా తాగేశాను. గెలిచాను. గెలిచినవాణ్ణి కూర్చోవచ్చు కదా, గొప్పగా లేచాను. లేచింది నడుము వరకే. తిన్నగా వెళ్లి బావ ఒళ్లో పడ్డాను.

పెద్దావిడ నవ్వలేదు. పక్కన కూర్చుని కాలివేళ్లు ఎలా వంచాలో చూపించారు. ఆవిడకీ మొదట్లో ఇలాగే అయ్యేదట. బావ మాత్రం, "లెగడం కూడా కూకోడంలోదేరా" అని తీర్పు చెప్పాడు. అదంతా ఆయన ఫోనులో వీడియో కూడా అయింది. సిమెంటు కొనడానికొచ్చినవాళ్లందరికీ చూపించాడు. మిల్లులో నా పేరు 'జపాను బుడ్డోడు' అయింది.

ఎండాకాలంలో ఒకరోజు జపాను నుంచి తెచ్చిన టీ పొడీ, వెదురు చెంచా పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. బావకి జపాను మర్యాద చేస్తానన్నాను. పీట అడిగాడు. "పొట్టు తీసే ఆడోల్లు పొద్దల్లా కూకుంటారు, మీకేటి?" అంది అక్క, అత్తగారి ముందే. పాపం, మడమల మీద కూర్చున్నాడు. నేను చెంచా తుడిచాను. మళ్లీ తుడిచాను. ఆ పెద్దావిడ చేతులు ఎలా కదిలాయో అంతా గుర్తుంది నాకు.

"ఒరే బుడ్డోడా, ఏటి సేత్తన్నావు, తొరగా కానీ."

"మనసు కుదరాలి బావా."

ఇప్పుడు నాకూ మోకాళ్లు మొరాయిస్తున్నాయి, టీ కుర్చీలోనే తాగుతున్నాను. ఆనాటి నా మొండితనం తలుచుకుంటే నవ్వూ, కాస్త బెంగా వస్తాయి. కానీ బావ నుదుటి మీద చెమట పట్టి, నన్ను ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టి, చివర 'బాబూ' అని కూడా తగిలించి పిలిచిన ఆ క్షణాన్ని దేనికీ వదులుకోను. పిలుపు చక్కగా వినబడింది. విని, చెంచా ఇంకోసారి తుడిచాను.