నిగనిగ మొహానికి రక్తపరీక్ష

మా ఉద్దానంలో ఎవరైనా ఎదురుపడితే మొహంలో ముందు అందం చూడరు, వాపు చూస్తారు. పొద్దున్నయితే కళ్ళ కింద, సాయంత్రమయితే పాదాల మీద. బుగ్గలు కాస్త తేలిన చుట్టం పెళ్ళికి వస్తే ఇంకోచోట "ఒళ్ళు చేశావు" అని మురిసిపోతారు. మా దగ్గర "క్రియాటిన్ ఎంతొచ్చినాది?" అని అడుగుతారు. అది కిడ్నీల సంగతి చెప్పే రక్తపరీక్ష, మా వైపు ఇంటికొకరికి ఆ జబ్బే. ఎంత తక్కువొస్తే అంత మంచిది. జీవితంలో ఎవరైనా తక్కువ మార్కులొస్తే పండగ చేసుకునేది ఈ ఒక్క పరీక్షకే.

ఇలాంటి ఊళ్ళో పుట్టి నేను కొరియా అమ్మాయిల మొహం కావాలనుకున్నాను. ఇందులో నా తప్పు కొంత, ఫోను తప్పు చాలా.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోవడం నా ఉద్యోగం. అద్దం తలుపు అవతల ఆడవాళ్ళు వరసగా కూర్చుని పప్పుల మీద పొట్టు తీసి, రంగు చూసి వేరుచేస్తుంటారు. తెల్లగా, విరగకుండా ఉన్నది మొదటి రకం. కాస్త ఎర్రబడిందా, వేరే డబ్బా. రుచిలో తేడా ఏమీ లేదు. రెండూ తిన్నాను కాబట్టి చెబుతున్నాను. పక్క షెడ్డులో గింజలు కొట్టేవాళ్ళకి జీడి రసం అంటి వేళ్ళ మీద తోలు లేచిపోతుంది. ఫోనులో ఒక అమ్మాయి మొహానికి ఏదో యాసిడ్ రాసుకుని, పాత చర్మం పోయి కొత్తది వస్తుందని నవ్వుతూ చెబుతుంటే, మా షెడ్డులో ఈ సౌకర్యం ఏళ్ళ తరబడి ఉందే, ఒక్కరూ నవ్వరేం అనిపించింది.

ఆఫీసులో నా పక్క కుర్చీ అమ్మాయిది టెక్కలి. ఒకరోజు ట్యూబులైటు వెలుగంతా బుగ్గల మీద పడేలా వచ్చింది.

"ఏటి రాసేవే?" అన్నాను.

"నత్త."

"ఏటి?"

"నత్త జిగురు. కొరియావోలు నత్తల్ని నడిపించి, ఆ జిగురు తీసి సీసాల్లో పోత్తారు."

"మా పొలం గట్టు మీద బోలెడు నడుత్తన్నాయి. పోయి అక్కడ తొంగుంటే సాలదేటి?"

"అయి కొరియా నత్తలు కావు గదా!" అంది.

ఆ సాయంత్రమే ఆర్డరు పెట్టేశాను. ఆ మెరుపుని గ్లాసు చర్మం అంటారట. మా ఇంట్లో ఉన్నవన్నీ స్టీలు గ్లాసులు, వాటిక్కూడా సొట్టలే. అయినా మనిషికి ఆశ ఉంటుంది. నా ఆశ పెద్దదేమీ కాదు. ఎవరైనా ఒక్కరు నా మొహం చూసి, వాపు సంగతి ఎత్తకుండా, బాగున్నావే అనాలి.

ఇంట్లో అమ్మ, పెద్దమ్మ, నేను. నాన్న ఏడాదిలో సగం రోజులు విశాఖలో పనికి వెళ్ళి ఉంటాడు. పెద్దమ్మ అమ్మకి సొంత అక్క, మా వైపు మాటలో అప్ప. కిడ్నీలు పాడయ్యి డయాలసిస్ మొదలయ్యాక మా ఇంటికే వచ్చేసింది. వారంలో కొన్ని రోజులు పలాస వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకుని వస్తుంది. డాక్టరు ఆవిడతో ఒకసారి, మందుల షాపులో నొప్పి బిళ్ళలు సొంతంగా కొని మింగకూడదన్నాడు. అమ్మ ఆ మాటని బిళ్ళల దగ్గర ఆపలేదు. పౌడరు, సెంటు, షాంపూ, గోళ్ళరంగు అన్నిటికీ వర్తింపజేసింది. అందుకని నత్త సీసా మా ఇంట్లో అటక మీద ఎండుకొబ్బరి బస్తా వెనక కాపురం పెట్టింది.

మొదట పట్టుకున్నది పెద్దమ్మే. సాయంత్రం స్నానం చేసొచ్చి పెరట్లో రాసుకుంటుంటే వెనకనుంచి వచ్చి సీసా లాక్కుని, వాసన చూసి, విషయమంతా కక్కించింది.

"మా కాలంలో నత్తల్ని కూరొండుకుని తినేవోలం. మీరు మొగానికి పూత్తన్నారు. రేపు పీతల్నీ తెత్తారు."

"అమ్మకి సెప్పకు పెద్దమ్మా."

"సెప్పను. సెప్తే ఆ సీసాతో పాటు నన్నూ ఆసుపత్రికి మోసుకుపోద్ది మీయమ్మ."

కొన్ని వారాలు గడిచాయి. కొరియా వాళ్ళు మోసం చేయలేదు. బుగ్గలు నునుపెక్కాయి, కాస్త ఉబ్బినట్టు నిండుగా తయారయ్యాయి, ఎండలోకి వెళితే మొహం నిగనిగలాడింది. నా రంగు మాత్రం నా దగ్గరే ఉంది. తెల్లబడతానని ఆ సీసా చెప్పలేదు, నేనూ అడగలేదు. నల్లగా ఉంటూనే మెరవచ్చని మా ఊళ్ళో కొబ్బరినూనె రాసుకున్న ప్రతి ముసలమ్మా ఎప్పుడో నిరూపించింది. నాకు తెలుసుకోవడానికి మాత్రం విదేశీ సాయం కావలసి వచ్చింది.

మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. అది మంచినీళ్ళ క్యాన్లు పట్టే చోట దొరికింది. పక్కింటి వదిన నన్ను కింది నుంచి మీదికి చూసి ఆగిపోయింది.

"ఓలమ్మ! మొగం ఏటలగ నిగనిగలాడిపోతంది పిల్లా!"

నా జన్మ ధన్యమైంది. సిగ్గుపడదామని తల దించుకున్నాను.

"బుగ్గలు కూడా ఉబ్బీసినాయి. ఒంటేలు బాగా అవతందా?"

నా మొహానికి వచ్చిన మొట్టమొదటి పొగడ్త అలా మూత్రంలోకి దారి తీసింది.

నేను క్యాను మోసుకుని ఇల్లు చేరేలోపే వార్త చేరిపోయింది. అమ్మ ఏమీ అడగలేదు. అదే అసలు ప్రమాదం. మా అమ్మ తిడితే వాతావరణం బాగుందని అర్థం. టీ ఇచ్చే వంకతో పక్కన కూర్చుని, నా కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది. వాపుంటే నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోతుంది. మా ఊరి ఆడవాళ్ళందరికీ ఈ డాక్టరీ వచ్చు. గుంట పడలేదు. అమ్మ ఆ కాలిని నమ్మక రెండోదీ నొక్కింది.

మర్నాటి నుంచి కూరలో ఉప్పు మాయమైంది. కొబ్బరిబొండం కొట్టిన రోజు నా వాటా నీళ్ళు పక్కింటి పిల్లలకి వెళ్ళిపోయాయి. కిడ్నీ మనుషులకి కొబ్బరినీళ్ళు పడవు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు ఉన్నవాళ్ళకి ఇంతకంటే పెద్ద హాస్యం ఎవరూ రాయలేరు. నేను అటు తిరిగి ఉన్నప్పుడు అమ్మ నన్ను చూస్తోందని నాకు తెలుసు. ఇటు తిరిగితే పొయ్యి చూస్తోంది.

"ఏటి పెద్దమ్మా ఇది? అడగొచ్చు గదా నన్ను!" అన్నాను, అమ్మ ఇంట్లో లేనప్పుడు.

పెద్దమ్మ ఒక కాలితో ఇంకో కాలిని గీరుకుంటూ కూర్చుంది. డయాలసిస్ మొదలయ్యాక ఆవిడ ఒళ్ళు నల్లబడి, కొబ్బరిపీచులా ఎండిపోయింది. దురద తగ్గే రోజు ఉండదు.

"అడగనేదు. నోరు రాదు దానికి," అంది. "నాకీ జబ్బు మొదలెట్టినపుడు ముందు మొగంలోనే వాపొచ్చినాది. తెల్దు గదా మనకి. మీయమ్మేమో, ఒళ్ళు సేసేవప్పా, బాగున్నావు అని తెగ మెచ్చీసుకుంది. అది వాపని డాక్టరు సెప్పిన కాడ్నించి, మరింకెవుల్నీ బాగున్నావని అన్లేదది."

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి అటకెక్కి సీసా దించి, అమ్మ చేలోంచి రాగానే ముందు పెట్టాను.

"వాపు కాదమ్మా. నత్త."

అమ్మ అంతా విన్నది. సీసా అటూ ఇటూ తిప్పింది. దాని మీద ఉన్న కొరియా అక్షరాల్లో దోషి పేరు వెతుకుతున్నట్టు చూసింది.

"రేపు అప్పతో పాటు నువ్వూ పలాస రా. నెత్తురిద్దువు."

"క్రీమని సెప్తన్నాను గదమ్మా!"

"క్రీమని నువ్వు సెప్తన్నావు. నెత్తురు సెప్పాల."

మర్నాడు ముగ్గురం ఆటోలో బయల్దేరాం. సీసాని అమ్మ తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పాముకాటుకి వెళ్ళేవాళ్ళు చచ్చిన పాముని తీసుకెళ్ళినట్టు.

డయాలసిస్ గదిలో నర్సు ఆ తువ్వాలు విప్పి, సీసా మీద ఇంగ్లీషులో ఉన్నది చదివి, అమ్మకి ఓపిగ్గా చెప్పింది. తెల్లబడ్డానికని అమ్మే క్రీముల్లో కొన్నిట్లో పాదరసం ఉంటుందట, అవి కిడ్నీల్ని తినేస్తాయట. ఇది ఆ రకం కాదు, చర్మంలో తేమ పోకుండా ఉంచేది. అయినా ఇక్కడిదాకా వచ్చారు కాబట్టి పరీక్ష చేయించుకోవడం మంచిదే అంది. అమ్మ వెనక్కి తిరగగానే నా వైపు వంగి, "ఏ సైటులో కొన్నావు? నాకు లింకు పంపవా?" అని గుసగుసలాడింది.

నా నెత్తురు తీశారు. ఫలితం కోసం ఆగమన్నారు. నాకేమీ భయం వేయలేదని రాయాలని ఉంది. క్రీమే అని నాకు తెలుసు. కానీ ఆ గదిలో వరసగా పడుకున్నవాళ్ళలో నా వయసు వాళ్ళూ ఉన్నారు, వాళ్ళకీ పరీక్షకి ముందురోజు వరకు తమకేమీ లేదని తెలిసే ఉంటుంది. గోడ గడియారం కేసి చూశాను. అది ఉద్దేశపూర్వకంగా నెమ్మదిగా తిరుగుతోంది.

పెద్దమ్మకి మిషను పెట్టారు. ఒక చేతికి గొట్టాలు, అది కదపకూడదు. కాసేపటికి దురద మొదలైంది. కాళ్ళు మంచానికేసి రుద్దుకుంటూ నన్ను పిలిచింది.

"ఒలే, ఆ నత్తేదో ఇలా తే. నా కాళ్ళకి పుయ్యి."

నర్సుని అడిగాను. గాయాలు లేని చోట రాయొచ్చంది. అరచేతిలో పోసుకుని ఆవిడ పిక్కల మీద రాశాను. పోసింది పోసినట్టే ఆ చర్మం తాగేసింది. మళ్ళీ పోశాను.

"సల్లగున్నాదే," అని పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. "నానేటి మెరవక్కర్నేదు. గోకుడు తగ్గితే సాలు."

ప్రకటనల్లో ఏ కొరియా అమ్మాయీ ఇంత సూటిగా చెప్పలేదు.

అమ్మ ఇంతసేపూ మంచం చివర నిలబడి చూస్తోంది. ఒక్కసారిగా వచ్చి సీసా నా చేతిలోంచి తీసుకుని, రెండో కాలు తన ఒళ్ళోకి లాక్కుంది. నేను చుక్కలు లెక్కపెట్టుకుని వాడే సామాను అమ్మ ఆవకాయలో నూనె పోసినట్టు పోసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"బాగున్నాదేటప్పా?" అనేసి, తన నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు అమ్మ చెయ్యి ఆగిపోయింది.

పెద్దమ్మ కళ్ళు తెరవలేదు.

"ఒలే సెల్లీ, ఆవేళ నువ్వు బాగున్నావన్నావు సూడు, ఆవేళ నాను నిజంగానే బాగున్నానే. కొత్త సీర కట్టేను. నీలంది, పెద్ద జరీ. కిడ్నీకేటి తెలుసు సీర సంగతి?"

అమ్మ తల వంచుకుని కాలికి రాస్తూనే ఉంది. అప్పటికి రాయడానికి చోటు మిగల్లేదు, అయినా రాస్తోంది.

"వేలు సందుల్లో కూడా పుయ్యి. పుణ్యానికి పూత్తన్నావేటి, అన్నం పెట్టి పెంచిన అప్పకి గదా," అంది పెద్దమ్మ. అమ్మ నవ్వింది. ముక్కు చీదుకుంటూ నవ్వింది, అందుకని అది అందంగా ఏమీ లేదు.

ల్యాబు కిటికీ దగ్గర పిలిచారు. కుర్రాడు కాగితం చూసి, "నార్మలే అమ్మా" అన్నాడు.

"సరిగ్గా సూడు బాబూ," అంది అమ్మ.

"సూసేను. నార్మలే."

"ఇది ఈ పిల్లదేనా? ఒకోలది ఒకోలికి సెప్పీత్తన్నావేమో."

"అమ్మా, మీ అమ్మాయి బాగుంది. ఎల్లి అన్నం తినండి," అన్నాడు అతను, వెనక లైను చూపిస్తూ.

నన్ను బాగుందన్న మొదటి మగవాడు అతనే. ల్యాబు కిటికీలోంచి, కాగితం చూసి అన్నాడు, మొహం చూడలేదు. ఫరవాలేదు, జమ చేసుకున్నాను.

వరండాలో అమ్మ నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. వాపు కోసం రెప్పలు లాగి చూస్తుందనుకుని నేనే కళ్ళు పెద్దవి చేసి పెట్టాను. అమ్మ కళ్ళ కింద చూడలేదు. నుదురు చూసింది, ముక్కు చూసింది, పెదవి పక్కకి వచ్చి ఆగింది.

"ఈ పుట్టుమచ్చ ఎప్పుడొచ్చిందే?"

"నాతో పాటే వచ్చిందమ్మా."

"నోరు ముయ్యి. నాను సూడనేదు," అంది.

గడ్డం మాత్రం వదల్లేదు. మా పక్క నుంచి మనుషులు వెళుతున్నారు, వీల్‌ఛెయిర్ తోసుకుంటూ ఒకాయన "తప్పుకోండమ్మా" అన్నాడు, అమ్మ నన్ను పట్టుకునే పక్కకి జరిగి, చూడడం ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. నాకు చెప్పాలనిపించిన మాటలు చాలా ఉన్నాయి, అందులో రెండు నిజంగా మంచి జోకులు. కానీ మాట్లాడితే దవడ కదులుతుంది, కదిలితే అమ్మ చెయ్యి తీసేస్తుందేమోనని అలాగే నిలబడ్డాను.