మరక లేని జంఖానా

గుండయ్యను ఒకచోట కూర్చోబెట్టడం కన్నతల్లి పోశవ్వ వల్లే కాలేదు. అలాంటివాణ్ని పొద్దస్తమానం గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేసే ఇంట్లో పుట్టించిన దేవుడికి కాస్త కొంటెతనం ఉండే ఉండాలి. కొత్తవాడలో అతను నేసే జంఖానాలకు, అంటే నేల మీద పరుచుకునే మందపాటి నూలు తివాచీలకు, మంచి పేరే ఉండేది. కానీ గంటకోసారి మగ్గం దిగి వీధి చివరిదాకా వెళ్లి రాకపోతే అతని కాళ్లు ఊరుకునేవి కావు. వెడల్పాటి జంఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. రెండో మనిషి తమ్ముడు కైలాసం. అన్న లేచిపోయినప్పుడల్లా పాపం వాడు చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

"అన్నా, నువ్వు నడిచిన నడకకు ఢిల్లీ చేరుకుందువు," అనేవాడు కైలాసం.

ఆ నడక సగం కుస్తీల కోసమే. చుట్టుపక్కల ఎక్కడ కుస్తీ పోటీ ఉందని విన్నా గుండయ్య నేత వదిలేసి వెళ్లేవాడు. తాను మాత్రం ఎన్నడూ బరిలోకి దిగలేదు. ఈ ఒంటితో దిగితే ఎముకలు ఏరుకోవాల్సి వస్తుందని భార్య సరోజన పెళ్లైన కొత్తలోనే చెప్పింది.

డెబ్బై నాలుగులో వరంగల్‌లో పెద్ద కుస్తీ పోటీలు పెట్టారు. వారం ముందు వాన పడి మట్టి బరి బురదగుంట అయింది. కమిటీ వాళ్లు వరిపొట్టు మందంగా పోసి, టార్పాలిన్ కప్పి, దాని మీద జంఖానా పరుద్దామనుకున్నారు. పని గుండయ్యకు వచ్చింది. పన్నెండు అడుగుల పొడవు, అంతే వెడల్పు, తెలుపు మీద నీలి చారలు. ఆ ఐదు రోజులు అన్న మగ్గం దిగలేదని, అన్నం కూడా గుంటలోనే తిన్నాడని కైలాసం ఇప్పటికీ చెప్తాడు. పంజా అనే ఇనుప గోళ్ల దువ్వెనతో ఒక్కో వరుసనూ అంత బిగించి కొట్టాడట, సూది మొన కూడా దూరనంత.

ఆ జంఖానా మీద జరిగిన కుస్తీ గురించి ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు, ఆ రోజు అక్కడ లేనివాళ్లైతే మరీ బాగా చెప్తారు. మడికొండ దగ్గరి పల్లెలో గొర్లు కాసుకునే రాయమల్లు ఒకవైపు, ఉత్తరాది నుంచి వచ్చిన ఏనుగులాంటి పహిల్వాన్ ఒకవైపు. నాలుగో నిమిషంలో రాయమల్లు భుజం జారింది. ఏడో నిమిషంలో కనుబొమ్మ చిట్లింది. ఒక మూల, అంచు దగ్గర బోర్లా పడ్డాడు, అరచేతంత నెత్తురు కారింది. అయిపోయిందనుకుని జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. అప్పుడు లేచాడు మహానుభావుడు. ఒంటి చేత్తో, కాలు మెలిక వేసి, ఆ కొండంత మనిషిని వెల్లకిలా పడేసి ఛాతీ మీద మోకాలు పెట్టాడు. గుండయ్య బరికి మూడడుగుల దూరంలో నిలబడి, ఎందుకో తెలియకుండానే బావురుమని ఏడ్చాడు.

రాయమల్లు భుజం మళ్లీ కుదురుకోలేదు. అదే అతని చివరి కుస్తీ. రెండేళ్లకు కామెర్లతో పోయాడు.

పోటీలు ముగిశాక గుండయ్య కమిటీకి కూలి లేకుండా ఇంకో జంఖానా నేసిచ్చి, రాయమల్లు గెలిచిన జంఖానాను ఇంటికి మోసుకొచ్చుకున్నాడు. ఆ తర్వాత చేసిన పని మాత్రం నేతగాడు తప్ప ఇంకొకడు చేయడు. తమ చేతి గుడ్డ మీద మరక గానీ తెగిన పోగు గానీ కనిపిస్తే చేతకానితనమని ఆ ఇంట్లో తండ్రి నాటి నుంచీ పట్టింపు. గుండయ్య కూర్చుని నెత్తురంటిన పేక నూలంతా, అంటే అడ్డంగా పోయే నూలంతా, పోగుపోగుగా లాగేశాడు. అదే రంగు నూలు సూదికెక్కించి మళ్లీ నింపాడు. ఎక్కడ నింపాడో పోశవ్వ కూడా వేలు పెట్టి చూపలేకపోయింది. నెత్తురు పోగులను ఉండచుట్టి వాకిట్లోని మురికినీళ్ల మోరీలో పారేశాడు. ఎంత శుభ్రంగా చేశానా అని పదేళ్లు మురిసిపోయాడు కూడా.

ఎనభై నాలుగులో హైదరాబాదు నుంచి రాజేశ్వర్ రావు అనే కంట్రాక్టరు అంబాసిడర్ కారులో కొత్తవాడకు వచ్చాడు. ఆయనకు ఆటల వస్తువులు పోగుచేసే పిచ్చి. విరిగిన హాకీ కర్రలు, అడుగు ఊడిన బూట్లు, చెమట కంపు కొట్టే బనియన్లు వేలు పోసి కొంటాడు. రాయమల్లు జంఖానా గుండయ్య ఇంట్లో ఉందని ఎవరో చెప్పారట. పదివేలు ఇస్తానన్నాడు. మూడేళ్లు మగ్గం దిగకుండా నేసినా ఆ ఇంటికి రాని సొమ్ము అది. సరోజన నీళ్ల చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"దీనికి గంతనా సారూ?" అన్నాడు గుండయ్య. "గిసొంటిదే కొత్తది నాలుగు వందలకు నేసిస్త."

రావు నవ్వాడు. "కొత్తది నాకెందుకు గుండయ్యా? వస్తువు ఎప్పుడైనా దొరుకుతది. ఆ రోజు దొరకదు. ఆ రోజు నేను అక్కడ లేను, ఎంత పెట్టినా ఇంక పోలేను. ఆ రోజుది ఒక ముక్క నా ఇంట్ల ఉంటే, నేను కూడ పోయినట్టే కద."

ఆ మాట గుండయ్యకు వెంటనే ఎక్కింది. తాను ఇంకో జంఖానా ఊరికే నేసిచ్చి దీన్ని తెచ్చుకున్నది అందుకే కదా. ఈ మనిషి మనవాడే అనుకుని సంబరంగా జంఖానా విప్పి పరిచాడు. రావు మోకాళ్ల మీద వంగి ఇటు చివర నుంచి అటు చివరకు వెతికాడు.

"నెత్తురు మరక ఏది?"

గుండయ్య గర్వంగానే చెప్పాడు, ఎలా తీశాడో, ఎలా నింపాడో. చెప్తుంటే రావు మొహం ముడుచుకుపోయింది.

"మరక లేకుంటే ఇది అదే అని నేనెట్ల నమ్మాలె?"

"నేనే నేసిన సారూ. నా చెయ్యి నాకు తెల్వదా?"

"నీ చెయ్యి నీకు తెలుసు. నాకెట్ల తెలుస్తది, నా ఇంటికొచ్చెటోళ్లకు ఎట్ల తెలుస్తది?" రావు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "మల్ల ఐతారం వస్త. జర మంచిగ యాది చేస్కో. వేరే జంఖానా ఏదన్న ఉన్నదేమో ఎతుకు."

ఆ వారం గుండయ్య కొత్తవాడ నుంచి కాశిబుగ్గకు, కాశిబుగ్గ నుంచి కొత్తవాడకు ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు. పదివేల కంటే కూడా ఆ మాటే అతణ్ని పొడిచింది. అబద్ధమాడేవాణ్ని చూసినట్టు చూశాడే నన్ను! రాయమల్లు పడి లేచిన గుడ్డ నా ఇంట్లో ఉంటే, కాదని పోతాడా? ఎట్లాగైనా నమ్మించాలి, ఆ గుడ్డ ఆయన ఇంట్లో అద్దాల బీరువాలో ఉండాలి, పదిమందీ చూడాలి. గుండయ్య మనసులో ఉన్నదంతా అదే.

శనివారం కైలాసం కాశిబుగ్గ నుంచి ఒక కోడిని పట్టుకొచ్చాడు. "అన్నా, మరకే కద కావాలె? జంఖానా అసలుదే, కుస్తీ అసలుదే. నెత్తురు పడ్డది కూడ నిజమే. పోయినదాన్ని మల్ల పెడుతానం, గంతే."

"వద్దు," అంది సరోజన. "గా పిల్లగాడు సచ్చిపోయిండు. ఆయన పేరు మీద కోడిని కోస్తరా?"

గుండయ్య మగ్గం చుట్టూ రెండుసార్లు తిరిగి, కోడి నెత్తురు పట్టిన గిన్నె తీసుకుని తన చేత్తోనే ఒంపాడు. సరిగ్గా ఆ చోటే, అంచు దగ్గర. ఎండబెట్టి, చాయపత్తి మరిగించిన నీళ్లతో తుడిచి, మళ్లీ ఎండబెట్టాడు. పదేళ్ల నాటిదానిలా వచ్చింది. ఆదివారం రావు వస్తే, అటక మీద దొరికిందని చెప్పాడు. రావు మరక మీద చేయి వేసి కళ్లు మూసుకున్నాడు. తెరిచాక ఆ కళ్లలో నీళ్లు చూసి గుండయ్య తల వంచుకుని జంఖానా చుట్టసాగాడు.

ఆ డబ్బుతో సొంత మగ్గం, సొంత నూలు వచ్చాయి, మగ్గం, నూలు ఇచ్చి కూలికి నేయించుకునే సేటు దగ్గర చేతులు కట్టుకునే పని తప్పింది. ఇంట్లో అందరూ బాగుపడ్డారు, గుండయ్య తప్ప. తిండి సయించేది కాదు. సగం నేసిన వరుస వదిలి లేచిపోయేవాడు. ఒకసారి పేపర్లో రావు గారి సేకరణ గురించి రాస్తూ ఆ మరక ఫోటో వేశారు. వీధి వీధంతా వచ్చి భుజం తట్టింది. గుండయ్య ఆ పేపరు మడిచి గూట్లో పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. రాయమల్లు నెత్తురును మోరీలో పారేసి కోడి నెత్తురుకు దండం పెట్టిస్తున్నానే అని కుమిలిపోయాడు. రెండేళ్లు ఇదే వరస. చివరికి సరోజనకు విసుగొచ్చింది.

"పోయి చెప్పి రా. చెప్పందాంక నువ్వు కూసోవు, మమ్ముల కూసోనియ్యవు."

హైదరాబాదులో రావు ఇల్లు కనుక్కుని, మెట్ల దగ్గర చెప్పులు విడిచి వరండాలో కాలు పెట్టగానే గుండయ్య ఆగిపోయాడు. అరికాలికి ఆ నేత తెలిసిపోయింది. తెలుపు మీద నీలి చారలు, బురద పట్టి మాసిపోయి. ఒక మూల నలుచదరంగా కోసేసి ఉంది. వచ్చిపోయేవాళ్లు కాళ్లు తుడుచుకోవడానికి వేశారు.

హాల్లో గోడ మీద, అద్దం వెనుక, చిన్న దీపం కింద ఆ కోసిన ముక్క. కోడి నెత్తురు నల్లగా మెరుస్తోంది.

"రా గుండయ్యా, చూసినవా ఎట్ల పెట్టించిన్నో!" అన్నాడు రావు.

గుండయ్య నిలబడే చెప్పేశాడు. కోడి, గిన్నె, చాయ నీళ్లు, ఏదీ దాచలేదు. "గోడ మీదిది అబద్ధం సారూ. మనం తొక్కుకుంట వచ్చినం చూడుండ్రి, గదే అసలుది. పైసలు వాపసు ఇస్త. మగ్గం అమ్మైన ఇస్త."

రావు గోడ మీది ముక్కను ఓసారి చూశాడు. తర్వాత నవ్వాడు.

"బొంబాయి సేటు ముప్పై వేలు ఇస్తాండన్న ముచ్చట నీ దాక వచ్చిందా?"

"ఏ సేటు సారూ?"

"అగ్గువకు అమ్మిన్నని కడుపు మండుతాంది నీకు. పదివేలు నా మొహాన కొట్టి, కోడి కథ చెప్పి, దీన్ని పట్కపోయి సేటుకు అమ్ముకుందామని. గుండయ్యా, నిన్ను మంచోడనుకున్న."

గుండయ్య లెక్క చూసుకున్నాడు. నిజం చెప్పిన మొదటిసారి ఈయన మరక చూపమన్నాడు. అబద్ధం చెప్తే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మళ్లీ నిజం చెప్తే దొంగంటున్నాడు. గుండయ్య వరండా వైపు చేయి చూపాడు.

"గదన్న ఇయ్యుండ్రి సారూ."

"గా కాళ్ల పట్టనా? తీస్కపో. ఒకటి కొత్తది పంపు," అన్నాడు రావు, లోపలికి పోతూ.

వరంగల్ వెళ్లే మధ్యాహ్నం ప్యాసింజరు రైల్లో కూర్చునే చోటు లేదు. చుట్టిన జంఖానా భుజాన వేసుకుని గుండయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. భువనగిరిలో ఎక్కిన ముసలమ్మ ఒకామె, పేరు యాకమ్మ అట, మూట పట్టుకుని అటూ ఇటూ చూసి అతని భుజం తట్టింది.

"కొడుకా, జర గది పరువరాదు. పుణ్యముంటది, కూసుంట."

మడత మీద మడత వేసి నడవాలో పట్టినంత పరిచాడు. యాకమ్మ కాళ్లు బార్లా చాపుకుని కూర్చుని, పల్లీలు ఒలుచుకు తింటూ పొట్టు అక్కడే పోసింది. కోసిన మూల ఆమె కంటబడింది.

"బంగారమసొంటి జంఖానా. మూల ఎందుకు కోసిండ్రు?"

ఎవరికి చెప్పి ఏం లాభం అనుకుంటూనే గుండయ్య మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక ఆగలేదు. రాయమల్లు భుజం, కనుబొమ్మ, మోరీలో పారేసిన పోగులు, కోడి, అద్దం, కాళ్లు తుడుచుకునే వరండా. జనగామ వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. యాకమ్మ నోట్లో పల్లీ నమలడం మరిచిపోయింది. చాపిన కాళ్లు గబగబా లాక్కుంది. కొంగుతో పొట్టంతా ఊడ్చి ఒడిలో పోసుకుని, ఇంకా ఏమైనా మిగిలిందేమోనని అరచేత్తో తడిమింది.

"మా దిక్కు పిల్లగాడే," అంది. "దీని మీదనేనా లేసింది?"

"దీని మీదనే అవ్వా."

మరక ఏదని ఆమె అడగలేదు. చేయి జంఖానాకు ఆనించి కళ్లకద్దుకుంది. తర్వాత పేక వెంట వేలు పోనిచ్చి, ఆ బిగువు చూసి, తల పైకెత్తింది.

"ఎవలు నేసిండ్రు కొడుకా దీన్ని?"

వేలమంది చూసిన కుస్తీ అది. పన్నెండేళ్లలో కమిటీ వాళ్లు గానీ, రావు గానీ, పేపరు వాళ్లు గానీ అడగని మాట అది.

"నేనే నేసిన అవ్వా," అన్నాడు గుండయ్య. ఆ ఒక్క మాట చెప్పి, ఘన్‌పూర్ దాటేదాకా పసిపిల్లాడిలా ఏడ్చాడు.