మావయ్య కెమెరాలో రీలు

నా చిన్నప్పుడు ఎవరి చేతిలో కెమెరా చూసినా నాకు ఒకటే అనుమానం: లోపల రీలుందా, లేదా? అది ఊరికే వచ్చిన అనుమానం కాదు. బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊళ్ళో మా వీధి మావయ్య ఒకాయన ఉండేవాడు. చుట్టం కాదు, ఊరందరికీ మావయ్యే. నల్లటి ప్లాస్టిక్ డబ్బా కెమెరా ఒకటి మెడలో వేసుకుని పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసేవాడు. మా పిన్ని పెళ్ళిలో నేనూ తల దువ్వుకుని, ఊపిరి బిగబట్టి ఆయన ముందు నిలబడ్డాను. టిక్కుమంది. రెండు నెలలు ఎదురుచూశాక పక్కింటి అక్క నవ్వు ఆపుకోలేక అసలు సంగతి చెప్పింది. పిల్లల గోల వదిలించుకోవడానికి ఫోటోలు తీసేవాళ్ళు రీలు లేకుండానే నొక్కుతారట. అప్పటినుంచి ఆ మనిషి నవ్వినా నాకు నమ్మబుద్ధి కాలేదు.

మా ఇంట్లో తాతయ్య ఫోటో లేదు. ఆయన చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఏటా ఆ రోజున పీట మీద ఆయన తలగుడ్డ మడతపెట్టి దానికే దండ వేసేవాళ్ళం. నాయనమ్మకు ఫోటో అంటే భయం, తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని. అలాంటిది ఆ ఏడు దండ వేస్తూ ఆగిపోయి, "రేపు నాక్కూడా చీరకే దండ వేస్తారేంట్రా?" అంది. మర్నాడే మా నాన్న మావయ్యను పిలుచుకొచ్చాడు.

ఎండుచేపలు ఆరబోసిన చాప పక్కన ఆమెను కూర్చోబెట్టి, పైట సర్దుకోమని, ఎంతో ఓపిగ్గా చూసి, ఒక్కసారి నొక్కాడు. ఒకే ఒక్కసారి. నాకు ఒళ్ళు మండింది. ముసలామెకేం తెలుస్తుందిలే అని ఖాళీ కెమెరా నొక్కాడనుకున్నాను. ఆయన భోజనానికి కూర్చోగానే గదిలోకి దూరి, బల్ల మీదున్న కెమెరా వెనక మూత లాగాను. ఎర్ర కాగితం కనిపించింది. అదీ మోసమేననుకుని వేలితో పక్కకు తోశాను. అది రీలుకు చుట్టిన కాగితమే, కింద రీలు ఉంది. చప్పున మూసేశాను. వెలుతురు తగిలితే ఏమవుతుందో నాకప్పటికి తెలియదు. దొంగను పట్టుకోలేకపోయానే అని మాత్రం చిన్నబుచ్చుకున్నాను.

మావయ్య చేతులు కడుక్కుని వచ్చి, సరిగ్గా పడని మూత వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. మూత గట్టిగా నొక్కి, కెమెరా మెడలో వేసుకున్నాడు.

వారం తర్వాత వచ్చి, "అత్తా, తప్పు నాదే. నా చెయ్యి కదిలింది. ఇంకోటి తీస్తాను," అన్నాడు.

"వద్దులే అబ్బాయ్. నా మొహం దాన్లో పడకూడదని దేవుడే చెప్పాడు," అంది నాయనమ్మ. ఎంతమంది బతిమాలినా మళ్ళీ కూర్చోలేదు. ముసలామె ఫోటో ఒక్కటి తీయలేకపోయాడని ఊళ్ళోవాళ్ళు మావయ్యను చాలాకాలం ఆటపట్టించారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. చెడిపోయిన ఆ ఫోటోను మాత్రం దొడ్లో ఎవరూ లేనప్పుడు నా చేతిలో పెట్టి, "దాచుకోరా," అన్నాడు. పైనంతా తెల్లటి వెలుగు. కింద నాయనమ్మ పాదాలు, చీర అంచు, చాప కొస. మూడేళ్ళకు ఆమె పోయింది. చీరకే దండ వేశాం.

గుడివాడలో చదువుకుంటున్న మా మనవరాలు ఈమధ్య ప్లాస్టిక్ రీలు కెమెరా కొనుక్కుంది. చేతిలో అంత ఫోను పెట్టుకుని ఈ బొమ్మలాంటిది ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇప్పటి పిల్లలంతా అవే కొంటున్నారట. సందుల్లోంచి వెలుగు దూరి ఫోటో చెడుతుందట, వాళ్ళకు కావలసింది అదేనట! ఎవరో తెలివైనవాడు పనికిరాని సరుకు వీళ్ళకు అంటగడుతున్నాడని నా అనుమానం. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను గానీ, మూత జోలికి వెళ్ళలేదు.

మొన్న నా పెట్టెలో ఆ పాత ఫోటో మనవరాలికి దొరికింది.

"తాతయ్యా, వెలుగు ఎంత బాగా పడిందో! ఎవరు తీశారు?"

"తీసింది మావయ్య. ఆ వెలుగు నా పని," అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఇన్నేళ్ళలో ఈ మాట పైకి అనడం అదే మొదటిసారి. మావయ్య బతికుండగా అనలేకపోయాను. ఆయన నా తప్పు మోశాడన్నది పెద్దయ్యాక అర్థమైంది, సిగ్గుపడ్డాను. కానీ నన్ను ఇప్పటికీ వదలనిది ఇంకొకటి ఉంది. దేవుడు కాదు నాయనమ్మా, నేనే చేశాను అని ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే, ఆమె ఇంకోసారి కూర్చునేది.