ఇంట్లో పడుకున్నందుకు తిరిగొచ్చిన క్లెయిమ్

క్యాన్సర్‌కు మందు ఎక్కించుకున్న ఒక మనిషి ఆ రాత్రి దవాఖానలో కాక తన ఇంట్లో పడుకున్నదన్న కారణంతో మా బీమా కంపెనీ ఆమె క్లెయిమ్‌ను తిరస్కరించింది. అది తప్పు. తిరస్కరించమని నోట్ రాసింది నేనే.

అప్పుడు నేను వనపర్తి శాఖలో క్లెయిమ్స్ అసిస్టెంట్‌ను. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉంది. ఏడో తరగతితో గద్వాలలో అటెండరుగా చేరి, జనం వదిలేసి పోయిన పాలసీ పుస్తకాలతోనే ఇంగ్లీషు నేర్చుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో ఉండగా శాఖాపరీక్ష రాసి గుమాస్తానయ్యాను. ఏ షరతు ఏ పేజీలో ఉందో చూడకుండా చెప్తానని పేరుండేది. ఆ పేరంటే నాకు ఇష్టమే.

క్లెయిమ్ పెట్టింది పాన్‌గల్ సాయమ్మ. రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ ఖర్చు అప్పటికే ఇచ్చాం. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున ఆరు కీమోలు. పొద్దున మొదటి బస్సుకు హైదరాబాద్ పోయి, మందు ఎక్కించుకొని, చీకటి పడేసరికి ఊరు చేరేది. మొదటి రెండింటి బిల్లులు పంపింది. చేరిన టైముకూ డిశ్చార్జి టైముకూ మధ్య ఆరు గంటలే. ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలో ఉంటేనే క్లెయిమ్ అన్నది నాకు కంఠతా వచ్చిన షరతు. అదే రాశాను, మేనేజరు సంతకం పెట్టాడు. పది నిమిషాల పని.

వారానికి సాయమ్మ తిరస్కరణ ఉత్తరం పట్టుకొని వచ్చింది. తలకు కొంగు గట్టిగా చుట్టుకుంది. ఎవరు రాశారని అడిగితే నేనేనన్నాను.

"దవాఖానల పండుకుంటెనే రోగమా సారూ? ఇంటికాడ పండుకుంటె కాదా?"

షరతు చెప్పాను. ఒక రాత్రి అక్కడే ఉండొచ్చు కదా అని కూడా అన్నాను. ఇంట్లో ఈనిన బర్రె ఉందట, ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగిలితే తంతుందట. పెనిమిటి ఆమె చీర కప్పుకొని పోయినా పసిగట్టి తన్నిందట. పక్క బల్లవాళ్ళు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు మీదనే, ఇక మూడో కీమోకు పోనని చెప్పి లేచింది.

ఆమె పోయాక ఫైలు మళ్ళీ తీశాను. కిందటి రెన్యువల్‌లో కంపెనీ పాత పాలసీని ఎత్తేసి అందరినీ కొత్తదానికి మార్చింది. కొత్త పుస్తకాలు బీరువాలో కట్ట విప్పకుండా ఉన్నాయి. పేరూ బీమా మొత్తమూ ఉన్న మొదటి కాగితం ఇవ్వడం, పుస్తకం అడిగితేనే ఇవ్వడం మా శాఖ పద్ధతి. ఎవరూ అడగరు. కట్ట విప్పి చదివాను. చివర డే కేర్ చికిత్సల పట్టిక, అంటే రాత్రి ఉండకపోయినా ఆసుపత్రి చికిత్సగానే చెల్లేవి. అందులో కీమోథెరపీ ఉంది. నా మీద నాకే ఒళ్ళు మండింది. పుస్తకాలతో బతుకు దిద్దుకున్నవాణ్ని, పుస్తకం తెరవకుండా నోట్ రాశాను.

క్లెయిమ్ తిరిగి తెరవాలని మేనేజరుకు రాసిచ్చాను. ఆయన నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. "మీరే రాసి మీరే కాదంటే పైవాళ్ళు నన్నేమంటరు బాలయ్యగారూ? ఈసారి ఒక రాత్రి అడ్మిట్ కమ్మనండి, పాసైపోతది" అన్నాడు. అంటే అక్కరలేని మంచానికి ఆమె బీమా మొత్తంలోంచే అద్దె పోవాలి. ఇంకా నాలుగు కీమోలు ఆ మొత్తంలోనే జరగాలి. నేను మేనేజరును దాటి, పట్టిక నకలు జతచేసి, డివిజనల్ ఆఫీసు ఫిర్యాదుల విభాగానికి నేరుగా రాశాను.

జవాబు రాకముందే మూడో కీమో తేదీ దగ్గరపడింది. ఆదివారం పాన్‌గల్ పోయి, ఆగకుండా పొమ్మని సాయమ్మకు చెప్పాను.

"నీ మాట మీద పోవాల్నా? నీ మాట మీదనే గద కాయితం ఎన్కకొచ్చింది."

పుస్తకం తెరిచి ఆ వరుసను తెలుగులో చదివి వినిపించాను. రాసియ్యమన్నది. గుమాస్తా అట్లా రాసివ్వకూడదు. రాసిచ్చాను, సంతకం, హోదాలతో సహా. ఆమె కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది.

"గిప్పుడు నువ్వు గూడ ఇరుక్కుంటివి సారూ. ఇగ పోత."

పోయింది. మూడోదీ అయింది.

షరతులు ఏటేటా మారుతాయి, తలలో ఉన్నవి మారవు. ఆ తర్వాత నేను ఆ ఏటి పుస్తకం పక్కన తెరిచి పెట్టుకోకుండా ఏ నోటూ రాయలేదు. పుస్తకం జతచేయకుండా ఏ పాలసీనీ బల్ల దాటనివ్వలేదు. నాలుగో కీమోకు ముందు డివిజన్ నుంచి మేనేజరుకు ఉత్తరం, నాకు నకలు వచ్చాయి. అంత తృప్తినిచ్చిన ఉత్తరం నా సర్వీసులో ఇంకొకటి లేదు. ఇంగ్లీషులో ఉన్నదానికి ఇది నా తెలుగు:

"సదరు పాలసీలో కీమోథెరపీ డే కేర్ పట్టికలో ఉన్నందున ఇరవై నాలుగు గంటల షరతు వర్తించదు. తిరస్కరణ రద్దు చేయడమైనది. మిగిలిన కీమోలకు సైతం ఇదే వర్తించును. రద్దయిన పాత పాలసీ షరతును అనుసరించి తప్పు నోట్ సమర్పించిన అసిస్టెంట్ నుండి వారంలోగా సంజాయిషీ తీసుకొని పంపవలెను."