జామీను అడగని పోలీసు

2024 ఎండాకాలం. ఎన్నికల సంవత్సరం. బనగానపల్లె పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సీఎస్ఆర్ ఫీల్డ్ ఆఫీసరుగా చేస్తున్నాను. కాగితాల మీద నంద్యాల జిల్లాలో కలిసినా మా నోటికి ఇంకా కర్నూలు జిల్లానే. సీఎస్ఆర్ అంటే కంపెనీ తన లాభంలో కొంత చుట్టుపక్కల ఊళ్ళ మంచికి ఖర్చు పెట్టే పని. మా దగ్గర అది రెండు రకాలు. చెట్లు పెంచడం ఒకటి, డబ్బు జాగ్రత్తలు నేర్పడం ఇంకొకటి. రెండూ నా నెత్తినే పెట్టారు. మామూలు రోజుల్లో నేను చెట్లసారుని, మంగళవారం క్లాసులో ఓటీపీ సారుని.

సున్నపురాయి తవ్వేముందు పైమట్టి తీసి ఒకచోట గుట్టగా పోస్తారు. దాన్ని ఓబీ డంప్ అంటాం. గడ్డిపరక కూడా మొలవని ఆ గుట్ట మీద వేప, కానుగ, సీతాఫలం పెంచాలి. ప్రతి మొక్క పక్కన అడుగున చిల్లు పెట్టిన మట్టికుండ ఒకటి పాతి, చిల్లులో గుడ్డవత్తి దూర్చి, నీళ్ళు నింపి, పైన నాపరాయి ముక్క మూతపెడతాం. ఆ నీళ్ళు మెల్లగా వేరుకి అందుతాయి. గుట్ట కిందనే రాయి తీసేసి వదిలేసిన పాత క్వారీ గుంత ఉంది, వాననీళ్ళతో నిండి. కుండలకు నీళ్ళు అందులోంచే మోసేవాళ్ళు.

ఈ పనికి ఊరివాళ్ళు నలుగురు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. పొద్దున ఏడింటికల్లా నీళ్ళు పోసి జియోట్యాగ్ ఫొటో పంపాలి. ఏ చోట, ఏ టైముకి తీశారో ఆ ఫొటో మీదే పడుతుంది. అందుకని నలుగురికీ కంపెనీ చేత కెమెరా ఫోన్లు ఇప్పించాను. ఇప్పించింది నేనే. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

వాళ్ళలో ఎస్తేరమ్మ నా కుడిచెయ్యి. నలభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. భర్త దేవదాసు ట్రాక్టరు డ్రైవరు, రెండేళ్ళ కింద యాక్సిడెంట్లో పోయాడు. అంతకుముందు క్లాసులో నేను వెంటపడి కట్టించిన బీమా ఆయన పోయాక వచ్చింది. దాన్ని ఫిక్సెడ్ డిపాజిట్ వేయించిందీ నేనే. కర్నూలులో నర్సింగ్ చదువుతున్న కూతురు సలోమి ఫీజులు, హాస్టలు అన్నీ ఆ డిపాజిట్ మీదే. ఆ తల్లీబిడ్డలకు అది తప్ప ఇంకో ఆధారం లేదు.

మంగళవారం క్లాసు చర్చి వరండాలో జరిగేది. చివర్లో అందరిచేతా ఒక మాట అనిపించేవాణ్ణి. "ఓటీపీ అడిగినోడు?" అని నేను అరిస్తే, "దొంగ!" అని వాళ్ళు అరవాలి. ఎస్తేరమ్మ గొంతు అందరికంటే ముందు లేచేది. నేనేదో పెద్ద ఘనకార్యం చేసినట్టు మురిసిపోయేవాణ్ణి.

ఒక సోమవారం మీటింగుకి కర్నూలు పోయాను. సాయంత్రం చూసుకుంటే ముగ్గురి ఫొటోలే వచ్చాయి, ఎస్తేరమ్మది లేదు. ఫోన్ చేస్తే బిజీ. గంట తర్వాత చేసినా బిజీ. నాకు ఒళ్ళు మండింది. ఇంకో వారంలో ఆడిట్ వాళ్ళు సర్వైవల్ రేటు చూడ్డానికి వస్తున్నారు, అంటే ఎన్ని మొక్కలు బతికాయో లెక్క. ఈమె కూడా ఎగ్గొట్టడం నేర్చిందా అనుకుంటూ మంగళవారం పొద్దున్నే బండేసుకుని గుట్టకి పోయాను, నాలుగు మాటలు అనేద్దామని.

గుట్టెక్కి చూస్తే ఆమె వరస సగం వరకు కుండల మూతలు తీసి పక్కన పెట్టి ఉన్నాయి. నీళ్ళు పోసి మూత పెట్టకుండా పోవడం ఎస్తేరమ్మ జన్మలో చెయ్యదు. సగంలో బిందె పక్కకి పడి ఉంది. కుండల్లో నీళ్ళు అప్పటికే ఇంకిపోయాయి. నా కోపం ఆడనే ఆగిపోయింది. ఎండదెబ్బ తగిలిందా, పామేమైనా ముట్టిందా అని పేరు పెట్టి పిలుస్తూ గుట్ట చుట్టూ తిరిగాను. పలకలేదు.

కిందికి దిగి గుంత దగ్గరికి పోయాను. ఒడ్డున రెండు చెప్పులు, పక్కపక్కన విడిచి ఉన్నాయి. ఎస్తేరమ్మవే, ఎడమదానికి పిన్నీసు పెట్టి ఉంటుంది.

అయ్యో దేవుడా! ఆ నీళ్ళ వైపు చూడాలంటే నాకు ధైర్యం చాలలేదు. చూడకుండా ఉండలేకపోయాను. నీళ్ళు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. అడుగెక్కడుందో మాక్కూడా తెలీదు. ఆ రాళ్ళ మీదే కూలబడ్డాను. సలోమికి ఏమని ఫోన్ చెయ్యాలి అన్న మాట ఒక్కటే తలలో తిరిగింది.

"ఏమి సార్, ఈడ కూచున్యారు?" అని వెనకాల నుంచి గొంతు. గుట్టకి అవతలి పక్క పని చేసే రమణమ్మ. నేను చెప్పులు చూపించాను.

"ఓ, ఎస్తేరివా? నిన్న నీళ్ళు పోస్తాంటే ఎవరో ఫోన్ చేసిరి సార్. మాట్లాడుకుంటానే ఇంటికి పాయ. నీళ్ళకు దిగేటప్పుడు ఈడ ఇడిసిన చెప్పులు గూడ మర్చిపాయ. అడిగితే జెరమని తలుపేసుకున్యాది."

ప్రాణం లేచొచ్చింది. ఒక్క నిమిషమే. ఆ ఎండలో, ఆ రాళ్ళలో, చెప్పులు మరిచి ఇంటిదాకా నడిచిందంటే ఆ ఫోన్లో ఏం విన్నట్టు?

ఇంటికి పోయేసరికి తొమ్మిదిన్నర. తలుపు లోపల గడియ. కిటికీ సందులోంచి చూశాను. నేనిప్పించిన ఫోన్ని డబ్బాకి ఆనించి నిలబెట్టి, దాని ఎదురుగా కింద కూర్చుని ఉంది. ఒళ్ళో పాసుబుక్కు, డిపాజిట్ బాండు. ఫోన్లో పోలీసు బట్టల్లో ఒకడు. వచ్చీరాని తెలుగు. "మేడం, కెమెరా ముందు నుంచి లేవద్దు. బ్యాంక్ టైం అయింది. ఫోన్ ఆపకుండా పోవాలి. ఎవరికి చెప్పింది అంటే బేటీ అరెస్ట్."

అప్పుడు అర్థమైంది. దీన్ని డిజిటల్ అరెస్టు అంటారు. ఫోన్లోనే అరెస్టు చేశామని బెదిరించి, కెమెరా ముందు నుంచి కదలనివ్వకుండా డబ్బు పంపించుకునే మోసం. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. మా హెడ్డాఫీసు వాళ్ళు ఈ ఏడాది కొత్తగా రాసిచ్చిన పాఠాల్లో ఇది ఆరో క్లాసు. మేము ఇంకా నాలుగులోనే ఉన్నాం.

తలుపు కొట్టాను. కొంగు తలమీదికి లాక్కుని, ఫోన్ చేతిలో పట్టుకుని ఎస్తేరమ్మ బయటికి వచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి. రాత్రంతా ఆ ఫోన్ ముందే కూర్చుందట. ఎదురుగా ఉన్న నన్ను చూడనట్టే దాటి పోబోయింది. నేను అడ్డం నిలబడ్డాను.

"యాడికి పోతాండావు ఎస్తేరమ్మా?"

"కాళ్ళు మొక్కుతా సార్, అడ్డం రావద్దండి. నా పేరు మీద పార్సిల్లో మత్తుమందు దొరికినాదంట. దుడ్లు వాళ్ళకు పంపిస్తే పరీక్ష చేసి సాయంత్రానికి తిరిగేస్తారంట. లేకుంటే పాపను హాస్టల్లోంచి తీసకపోతారు."

"వాడు దొంగ, ఎస్తేరమ్మా!"

"దొంగ కాదు సార్. మీరు చెప్పినట్టే చూసుకున్యా. నిన్నటి నుంచి ఒక్కసారి గూడ ఓటీపీ అడగల్యా."

చెంప మీద కొట్టినట్టయింది. నా పాఠమే వాడికి మంచివాడని సర్టిఫికెట్ ఇచ్చింది.

ఫోన్ లాక్కోబోయాను. ఆమె గుండెకి అదుముకుని కేక పెట్టింది. వాడు ఫోన్లోంచే గద్దించాడు. "నువ్వు ఎవరు? పేరు చెప్పు. నీ మీద కూడా కేస్ పెడతా." ఇప్పుడు సిగ్గు విడిచి రాస్తున్నాను. వాడు దొంగని తెలుసు, ఊరూరా చెప్పే మనిషిని, అయినా నా నోట్లోంచి నా పేరు వచ్చేసింది. పేరు వెనకాల "సార్" అని కూడా అన్నాను. ఆ మాట ఎస్తేరమ్మ విన్నది. ఇక నన్ను నమ్మడం ఎలా?

నా ఫోన్ తీసి సలోమికి చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. "చూసినారా సార్! తీసకపోయినారు!" అని ఎస్తేరమ్మ రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆ పిల్ల డ్యూటీలో ఉందేమో అన్న ఆలోచన నాకు వచ్చింది గానీ, నిజం చెప్పాలంటే నాకూ అనుమానం పట్టుకుంది. ఏమో, వీళ్ళు పిల్లని నిజంగానే ఏమైనా చేసి ఉంటే?

ఆటో ఆగింది. ఆమె ఎక్కితే నేనూ పక్కనే ఎక్కాను. బ్యాంకు బనగానపల్లెలో, ఇరవై నిమిషాల దూరం. ఫోన్ ఆమె ఒళ్ళో, కాల్ మీదే ఉంది. ఏం మాట్లాడినా వాడు వింటాడు. డిపాజిట్ తీసి వాడికి పంపితే అంతే, సలోమి చదువు ఆగిపోతుంది. ఆ తర్వాత ఈమె ఆ గుంత ఒడ్డుకి పోతే? చెప్పులు మళ్ళీ కళ్ళముందుకొచ్చాయి.

ఎస్తేరమ్మ తనలో తనే గొణుక్కుంటోంది. "మా ఇంటాయప్పను గూడ ఏమీ చెయ్యకుండానే తీసకపాయిరి గదా సార్. లిస్టులో పేరుంటే సాలు."

దేవదాసు బైండోవర్ కథ ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఎన్నికలొస్తే మా వైపు గొడవలు చేస్తారనుకున్న వాళ్ళని పిలిపించి, మంచిగా ఉంటామని తహశీల్దారు ముందు సంతకం చేయించుకుంటారు. దేవదాసు తోలే ట్రాక్టరు ఒక పార్టీ రెడ్డిది. అంతే, పోయిన ఎన్నికలప్పుడు ఆయన పేరు కూడా రాసుకున్నారు. చెయ్యని తప్పుకి పేరెక్కడం ఎస్తేరమ్మకి వింత కాదు. ఆమె ఇంట్లో జరిగిందే. అందుకే అంత సులభంగా నమ్మింది. వాడికి ఈ సంగతి తెలీదు, గుడ్డిగా విసిరిన రాయి సరిగ్గా పుండు మీదే తగిలింది.

అప్పుడు నాకొకటి తట్టింది. ధైర్యం చెబుతున్నట్టుగా అడిగాను. "అప్పుడు దేవదాసన్నకు జామీను ఎవరు పడినారు?"

"మా పాస్టరయ్య, మా చిన్నాయన. ఇద్దరు జామీన్దార్లు సంతకం పెడితేనే ఇడిసిరి."

"మరి నీకు? నేను పడతా జామీను. అడుగు ఆ సారును."

ఆటో బ్యాంకు ముందు ఆగింది. గేటు అప్పుడే తీస్తున్నారు. ఎస్తేరమ్మ ఒక కాలు కింద పెట్టి, ఫోన్ ఎత్తి, వినయంగా అడిగింది. "సారూ, మాకు జామీను ఉండాది సార్. జామీను తీసకరమ్మంటారా?"

వాడి మొహం వెలిగింది. "జమీన్? జమీన్ ఉందా? ఎన్ని ఎకరం? ముందు ఎందుకు చెప్పలేదు మేడం? జమీన్ కాగజ్ తీసుకురా!"

ఎస్తేరమ్మ ఆ కాలు అలాగే పెట్టి నిలబడిపోయింది. వాడి వైపు చూసింది, నా వైపు చూసింది. చుట్టూ సాయిబుల ఇళ్ళ మధ్య పెరిగిన మనిషి, జమీన్ అంటే భూమి అని ఆమెకి తెలుసు. మెల్లగా అంది. "సార్, ఈయప్ప భూమి అడుగుతాండాడు. జామీనంటే తెలీని పోలీసు యాడన్నా ఉంటాడా సార్?"

"ఉండడు తల్లీ" అన్నాను.

ఆమే ఫోన్ కట్ చేసింది. చేసి, ఆటో చక్రం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు చూశాను ఆమె అరికాళ్ళు. నిన్నటి రాళ్ళకి బొబ్బలెత్తి పగిలి ఉన్నాయి. ఆ కాళ్ళతోనే పరిగెత్తింది. వాడు వెంటనే మళ్ళీ చేశాడు, మళ్ళీ చేశాడు. ఫోన్ మోగినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడేది. తెలిసింది కదా అని భయం పోదు. బ్యాంకు మేనేజరు మంచినీళ్ళు తెప్పించి, కూర్చోబెట్టి, సైబర్ హెల్ప్‌లైన్‌కి కంప్లైంట్ చేయించాడు. పన్నెండు దాటాక సలోమి ఫోన్ చేసింది. "వార్డు డ్యూటీలో ఉంటిని సార్, ఫోన్ లోపలికి తేనియ్యరు. ఏమైంది?" ఆ గొంతు విన్నాక గానీ ఎస్తేరమ్మకి ఏడుపు రాలేదు. నేను బయటికి పోయి నిలబడ్డాను.

ఆఫీసులో రిపోర్టు రాస్తే పైవాళ్ళు నష్టం ఎంత అని అడిగారు. ఏమీ లేదన్నాను. అయితే వదిలెయ్యండి, ఆ వరసలో ఎన్ని మొక్కలు పోయాయో చెప్పండి అన్నారు. పదకొండు పోయాయి. రాసిచ్చాను.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటంటే, నేను దొంగ ఏం అడుగుతాడో నేర్పాను గానీ ఎలా భయపెడతాడో నేర్పలేదు. అడిగే మాట రోజుకొకటి మారుతుంది. భయం మాత్రం మనింట్లోదే, ఎప్పటినుంచో ఉన్నదే. వాడు దాన్ని లేపుతాడు, అంతే. ఎస్తేరమ్మను కాపాడింది నా పాఠం కాదు, ఆ భయం వెంటే ఆమె ఇల్లు నేర్చుకున్న ఒక్క మాట.

తర్వాతి మంగళవారం నినాదం మానేశాను. దేనికి భయపడతారో ఒక్కొక్కరూ చెప్పండి అన్నాను. కరెంటు వాళ్ళు ఫ్యూజు పీకేస్తారని ఒకామె, పింఛను ఆగిపోతుందని ముసలమ్మ, దుబాయిలో ఉన్న మొగునికి ఏమన్నా అయిందని ఫోనొస్తే అని రమణమ్మ. ఆ భయం చూపించి ఎవరైనా తొందర పెడితే, ముందు ఇంకో మనిషికి చెప్పాలని అందరం అనుకున్నాం.

చివర్లో ఎస్తేరమ్మ లేచింది. కాళ్ళకి ఇంకా గుడ్డకట్లు ఉన్నాయి. "అందర్నీ అడిగితిరి, మరి మీరు చెప్పల్యా సార్. మీకు దేనికి భయం?"

నవ్వేసి తప్పించుకుందామనుకున్నాను, నవ్వు రాలేదు.

"నీళ్ళ ఒడ్డున నీ చెప్పులు" అన్నాను.