బెత్తెడు ఎత్తు

సఖినేటిపల్లి చుట్టుపక్కల రొయ్యల చెరువు పట్టుబడి ఉందంటే, బండి ఎవరిదన్న ప్రశ్నకి చాలాకాలం ఒకటే జవాబు. చిన్నబ్బాయి పికప్. ఆ సంగతి ఊరికంటే చిన్నబ్బాయికే ఎక్కువ తెలుసు. అందుకే ఆ జవాబు మారుతున్నప్పుడు కూడా అందరికంటే ముందు అతనికే తెలిసింది.

మారడానికి కారణం బయటివాడు కాదు. తోడల్లుడు నాగబాబు. చిన్నబ్బాయి భార్య సత్యవేణి చెల్లెలు వాణిని చేసుకున్నవాడు. నిరుడు కొత్త పికప్ కొన్నాడు. కొంటే కొన్నాడు, నాలుగు నెలలు తిరగకుండా దానికి లిఫ్ట్ కిట్ వేయించి పైకి లేపేడు. అప్పణ్ణించి ఆ బండి రోడ్డు మీద వెళుతుంటే, పంచె పైకి కట్టుకుని కాలవ దాటుతున్న మనిషిలా ఉండేది. దాని వెనక తన బండి పెట్టినప్పుడల్లా చిన్నబ్బాయికి తను గొంతుక్కూర్చుని డ్రైవ్ చేస్తున్నట్టు అనిపించేది.

నాగబాబు చెడ్డవాడయితే ఎంతో సుఖంగా ఉండును. తిట్టుకోవచ్చు. అతను ఎదురుపడితే బండి దిగి, "అన్నయ్యగారూ, టీ తాగేరాండీ?" అని అడిగే రకం. ఆ 'అండీ' చిన్నబ్బాయికి గొంతులో ముల్లులా దిగేది.

ఆషాఢంలో వానలు పట్టేక అసలు అవమానం జరిగింది. పోలిరాజు గారి పెద్ద చెరువు గట్టు మీద బండ్ల చక్రాలు తిరిగి తిరిగి రెండు చాళ్ళు లోతుగా పడిపోయేయి. చాళ్ళ మధ్య మట్టి మిట్టలా మిగిలింది. సరుకుతో వస్తున్న చిన్నబ్బాయి బండి చక్రాలు చాళ్ళలోకి దిగేయి, కడుపు వెళ్ళి మిట్ట మీద కూర్చుంది. చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. బండి కదలదు. ట్రేలలో ఐసు కరిగి కారుతోంది. చివరికి నాగబాబు బండి వచ్చి, తాడు కట్టి లాగింది.

"ఎవరికైనా జరిగేదే అన్నయ్యగారూ," అన్నాడు నాగబాబు తాడు చుట్టుకుంటూ.

తనకి మాత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ జరగలేదు. వంగి చక్రాలకంటిన బురద గీకడం మొదలెట్టేడు.

గొడుగు కింద నిలబడి చూస్తున్న పోలిరాజు గారు అన్నారు. "ఏవోయ్ చిన్నబ్బాయ్, వానాకాలం అంతా ఇదే గట్టు. వచ్చే పట్టుబడికి మీ తోడల్లుళ్ళిద్దరూ బండ్లు తీసుకురండి. ఏది సుళువుగా ఉంటే ఈ ఏడాదికి దాన్నే ఖాయం చేసుకుంటాను. రెండోది మిగిలిన సరుక్కి."

రెండోది. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చున్నా అదే మాట నమిలేడు చిన్నబ్బాయి.

"లిఫ్ట్ కిట్ వేయించేస్తాను," అన్నాడు.

"మరిదిగారిని అడగండి, ఎక్కడ వేయించేరో, ఏం రకమో," అంది సత్యవేణి.

"అతన్ని అడగాలా?"

"అడిగితే ఏం, నోటి ముత్యాలు రాలిపోతాయా?"

అడగలేదు. ఆదివారం నాగబాబు ఇంట్లో లేని వేళ చూసుకుని, ఏదో పనున్నట్టు వాళ్ళ వాకిట్లోకి వెళ్ళేడు. బండి చింతచెట్టు పక్కన ఖాళీగా నిలబడి ఉంది. చీపురులోంచి ఒక పొడుగాటి కొబ్బరి ఈనె లాగి, వెనక చక్రం పక్కన నేల మీద నిలబెట్టి, సరుకు పెట్టే తొట్టి అంచు దగ్గర గోటితో నొక్కి విరిచేడు. కొలత వచ్చింది. లేవబోతుంటే వెనకాల వాణి.

"బావగారూ, ఏం వెతుకుతున్నారండీ?"

"చెప్పు... చెప్పు పోయిందమ్మా."

వాణి అతని కాళ్ళకేసి చూసింది. "రెండూ తొడుక్కునే ఉన్నారు కదండీ."

"ఆయ్. దొరికిందిలే," అని ఈనె వీపు వెనక దాచుకుని బయటపడ్డాడు. వెనకనించి నవ్వు వినపడిందో, వినపడిందనుకున్నాడో గాని, వీధి మలుపు తిరిగేదాకా చెవులు మండేయి.

మర్నాడు అమలాపురంలో కృపారావు షెడ్డుకి వెళ్ళేడు. కృపారావు బల్ల మీద రకరకాల సామాను పరిచి చూపించేడు. ఇరుసుకీ, బరువు మోసే కమాను కట్టలకీ మధ్య పెట్టే ఇనప దిమ్మలున్నాయి, పొట్టివీ పొడుగువీ. కట్టలోకి అదనంగా కలిపే పట్టీలున్నాయి. మనిషి ఎత్తు పెరిగితే చొక్కా పొడుగు పెరిగినట్టు, బండి లేస్తే షాకబ్జర్లూ పొడుగువి కావాలిట.

"దిమ్మలు వేస్తే పని తొందరగా అవుతుందండీ. పట్టీ కలిపితే బరువు మీద కుంగదు, కాని ఖాళీగా ఉన్నప్పుడు ఎగరేస్తుంది. మీ పని ఎలాంటిదో చెప్తే..."

చిన్నబ్బాయి బండిలోంచి ఈనె తెచ్చి బల్ల మీద పెట్టేడు. "తొట్టి అంచు నేల మీంచి దీనికంటే పైకుండాలి."

కృపారావు ఈనెని అటూ ఇటూ తిప్పి చూసేడు. ఇంతకుముందు సైజు చెప్పినవాళ్ళున్నారు, బొమ్మ చూపించినవాళ్ళున్నారు. ఈనె తెచ్చినవాడు లేడు.

"ఎంత పైకండీ?"

"బొటనవేలంత."

దిమ్మ ఎంచి పక్కన పెట్టేలోపల చిన్నబ్బాయికి ఒక ఆలోచన వచ్చింది. బొటనవేలంతే అయితే చూసేవాళ్ళకి తెలుస్తుందా? పక్క పక్కన పెట్టినా పోల్చలేరేమో.

"రెండు వేళ్ళు చెయ్యండి."

కృపారావు దిమ్మ మార్చేడు. చిన్నబ్బాయి బయటకి వెళ్ళి టీ తాగి వచ్చేడు. టీ తాగుతుంటే ఇంకో ఆలోచన. తన బండి చూసేక నాగబాబు మళ్ళీ పెంచితే?

"కృపారావు గారూ, బెత్తెడు చేసెయ్యండి."

"ఎవరితోనైనా పందెమాండీ?"

"పందెం ఏమిటండీ, గట్టు బాగోలేదు."

"గట్టుకి ఈనె కొలత చాలునండీ. పైగా మరీ ఎత్తయితే కాలవ మలుపుల్లో ఊగుతుంది."

"ఊగితే నేను చూసుకుంటాను లెండి."

సాయంత్రం బండి ఇంటి ముందు ఆగింది. సత్యవేణి చేటలో బియ్యంతో బయటికొచ్చి, కింద నించి పైకి చూసింది. శనివారం శనివారం అప్పనపల్లి గుడికి ఆ బండి ముందు సీట్లోనే వెళ్ళే మనిషి. మోకాళ్ళు నొప్పులు.

"నన్ను ఎక్కించడానికి క్రేను కూడా తెచ్చేరా?"

"కుర్చీ వేస్తాను."

"మరిదికయితే మా చెల్లెల్ని ఎక్కించుకోడానికి కుర్చీలు వెయ్యక్కర్లేదు," అని లోపలికి వెళ్ళిపోయింది. చిన్నబ్బాయి ఆ మాటలో మొదటి ముక్కే విన్నాడు. నాగబాబు ప్రస్తావన రాగానే మిగిలింది వినపడదు అతనికి.

పట్టుబడి రోజు తెల్లారి వాన వెలిసింది. గట్టు మీద పక్క పక్కన రెండు బండ్లు పట్టవు.

"పెద్దవారు, మీరు ముందు పదండి అన్నయ్యగారూ," అన్నాడు నాగబాబు.

చిన్నబ్బాయి పోనిచ్చేడు. మొన్న తనని పట్టుకున్న మిట్ట దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టేడు. బండి దానికి తగలకుండా, దాన్ని చూడనట్టు దాటిపోయింది. అద్దంలో నాగబాబు బండి కనిపించింది, తన బండి కంటే పొట్టిగా. ఇన్నాళ్ళ తరవాత కడుపు నిండా గాలి పీల్చుకున్నాడు. పోలిరాజు గారు కూడా తలాడించేరు. ఆ తలాడింపు దాచుకుని ఇంటికి తీసికెళ్ళాలనిపించింది.

సరుకెక్కించే ముఠా మేస్త్రి సాయిబాబు, మరొకతనూ మొదటి ట్రే ఎత్తేరు. రొయ్యలూ ఐసూ కలిసి మణుగులా ఉంది. చక్రాలు గట్టి చోట ఉన్నాయి, మనుషుల కాళ్ళు బురదలో. ఛాతీ దాకా లేపేరు. తొట్టి ఇంకా పైనే ఉంది. తల దాకా లేపబోయేరు. ట్రే ఒరిగి, ఐసు నీళ్ళన్నీ సాయిబాబు మెడ మీంచి లాగులోకి పోయేయి.

"ఓరి నాయనో! చిన్నబ్బాయి గారూ, రొయ్యలు ఎక్కిస్తున్నామా, మేడ మీద శ్లాబు వేస్తున్నామాండీ?"

"మేస్త్రీ, నీకూ లిఫ్ట్ కిట్టు వేయించుకో," అన్నాడు ఎవడో వెనకనించి. చెరువులో వల లాగేవాళ్ళు కూడా ఆపి మరీ నవ్వేరు.

రెండో ట్రే సగం కింద పడింది. పోలిరాజు గారి మొహంలో నవ్వు లేదు. ఎండ వస్తోంది. ముందు బండి నిండితేగాని వెనక బండికి దారి లేదు. చిన్నబ్బాయి తనే భుజం ఆనించేడు, కాని తను కూడా కిందే ఉన్నాడు.

అప్పుడు నాగబాబు చొక్కా విప్పి తన బండి బానెట్ మీద పడేసి, చిన్నబ్బాయి తొట్టిలోకి ఎక్కేడు. "మీరు ఛాతీ దాకా ఇవ్వండి, నేను లాగుతాను." ఒంగి, ఒక్కొక్క ట్రేనీ లాగి పేర్చేడు. తొట్టి నిండేదాకా నడుం ఎత్తలేదు.

తరవాత అతని బండి వచ్చింది. ముఠా ట్రేలు ఎత్తడం, తొట్టిలోకి తోసెయ్యడం, అరుగు మీద బిందె పెట్టినట్టు అయిపోయింది.

"ఆయనదీ లేపిన బండేగా?" అన్నాడు చిన్నబ్బాయి ఉండబట్టలేక.

సాయిబాబు మెడ తుడుచుకుంటూ అన్నాడు. "కిట్టు కొనే ముందు మమ్మల్నందర్నీ గట్టు మీద నిలబెట్టి, ఛాతీ దగ్గర సుద్దతో గీత గీసి కొలుచుకెళ్ళేరండీ. ఆ గీత దాటనివ్వలేదు."

చిన్నబ్బాయి బండి సీటు వెనక ఇంకా ఆ ఈనె ఉంది. తను కొలిచింది బండిని అనుకున్నాడు. సాయిబాబు ఛాతీని కొలిచేడన్నమాట. కొలిచి, దాని మీద బెత్తెడు పెట్టించేడు.

పోలిరాజు గారు చెప్పడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. "నాగబాబు బండి ఖాయం. చిన్నబ్బాయ్, రెండో బండి నీది."

"ఆయ్," అన్నాడు చిన్నబ్బాయి.

మర్నాడు సాయిబాబుని పక్కన కూర్చోబెట్టుకుని కృపారావు షెడ్డుకి వెళ్ళేడు. దారిలో బండి ఊగుతూనే ఉంది.

"దించెయ్యండి."

"ఎంతకి దించమంటారండీ?"

చిన్నబ్బాయి సాయిబాబుని బండి పక్కన నిలబెట్టి చూసేడు. చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. "ఈ ఈనె కంటే రెండు వేళ్ళు కిందికి. ముఠాకి నా బండే ఇంకా సుళువవుతుంది కదా."

"మళ్ళీ మిట్ట మీద కూర్చుంటుందండీ," అన్నాడు సాయిబాబు. "తాడు కట్టడానికి మళ్ళీ ఆయనే రావాలి."

చిన్నబ్బాయి ఈనెని మళ్ళీ నేల మీద నిలబెట్టి చూసేడు. పైకీ లేదు, కిందికీ లేదు. తోడల్లుడు ఎంచుకున్న చోటు తప్ప ఇంకో చోటు లేకుండా పోయింది.

"దీనికి సమానంగా చేసెయ్యండి," అన్నాడు. ఆ మాట నోట్లోంచి రావడానికి మిట్ట మీంచి బండి లాగినంత పనయింది.

తరవాతి పట్టుబడికి రెండు బండ్లూ సరుకుతో రేవు దాటి నరసాపురం వెళ్ళేయి. గోదారి దాటించే పంటు మీద పక్క పక్కనే నిలబెట్టేరు. నాగబాబు దిగి, "టీ తాగుతారా అన్నయ్యగారూ?" అన్నాడు. చిన్నబ్బాయి గ్లాసు అందుకుని, రెండు తొట్ల అంచుల కేసీ చూసేడు. నాగబాబుది కొంచెం పైకున్నట్టుంది. పంటు అటు ఒరిగింది కాబోలు. ఇటు నించి ఒక అల వచ్చి తగిలింది. ఇప్పుడు తనది పైకొచ్చింది. మళ్ళీ అతనిది. మళ్ళీ తనది.

తనది పైకి లేచిన ఒక క్షణం చూసుకుని, అది దిగేలోపల గ్లాసుతో గోదారి వైపు తిరిగిపోయేడు.